మూడో క్యూబు

నాన్న పోయిన ఆరు నెలలకి సాహు చాచా మా ఇంటికి వచ్చాడు. గేటు దగ్గర ఎవరో ముసలాయన గమ్చాతో మొహం తుడుచుకుంటూ నిలబడి ఉంటే, ఏ చందాల మనిషో అనుకుని కిటికీ పక్క నుంచి కాసేపు చూశాను. తలుపు తీసే ముందు మనిషిని పైనుంచి కిందదాకా చూసుకోవడం నా అలవాటు. దానికి నేను సిగ్గుపడను. చెప్పులు విప్పి, రెండూ జతగా గోడ వారన పెట్టిన తీరు చూసి గుర్తుపట్టాను. కంపెనీ ల్యాబులో నాన్నతో పన్నెండేళ్ళు పనిచేసిన మనిషి, తిల్దా అవతల పల్లె ఆయనది. ఒకప్పుడు ప్రతి ఆదివారం మా ఇంట్లో టీ తాగినవాడు, ఇరవై ఏళ్ళకి పైగా మా గడప తొక్కలేదు. లోపలికొచ్చి, నాన్న ఫోటోకి దణ్ణం పెట్టి, కుర్చీ వద్దని నేల మీదే కూర్చున్నాడు. టీ తాగుతూ నన్ను ఒక ప్రశ్న అడిగాడు. ఆ ప్రశ్న దగ్గరికి వస్తాను గానీ, ముందు కంపెనీ సంగతీ మా డ్రమ్ము సంగతీ చెప్పాలి.

మాది శ్రీకాకుళం వైపు. తాతయ్య రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా రాయపూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఈ ఊళ్ళో సగం తెలుగిళ్ళ కథ ఇదే. నాన్న సింహాచలం మాత్రం రైల్వే పరీక్ష రెండుసార్లు తప్పి కంపెనీలో చేరాడు. దానికి బోర్డు మీద పెద్ద పేరే ఉండేది గానీ మా ఇంట్లో దాన్నెవరూ పేరుతో పిలవలేదు. కంపెనీ అంటే అదొక్కటే. రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు అవి, ఎటు చూసినా తవ్వకాలే. మా వంటింటి తలుపుకి కంపెనీ క్యాలెండరు వేలాడేది. దాంట్లో ఒక్కో కాగితానికి ఒక్కో విభాగం: రోడ్లు, వంతెనలు, భవనాలు, నీటి పథకాలు, కాలువలు, కరెంటు ప్లాంట్లు. ధర్సీవా వైపు క్యాంపులో ఆ విభాగాల మధ్య చెప్పకుండానే ఒక పెద్దా చిన్నా ఉండేది. భవనాల వాళ్ళు ఇస్త్రీ చొక్కాల్లో తిరిగేవాళ్ళు. కాలువల వాళ్ళు నెలకోసారి ఇంటి మొహం చూసేవాళ్ళు. అన్నిటికన్నా అడుగున బూడిద గట్టు. కరెంటు ప్లాంటులో మిగిలిన బూడిదని నీళ్ళతో కలిపి వదిలే చెరువుకి మట్టి కట్ట పోసే పని అది. పైవాడికి ఎదురు చెప్పినవాణ్ణి అక్కడికి పంపేవారు. నాన్నది నీటి పథకాలు. ఊరూరా ఓవర్‌హెడ్ ట్యాంకులు కట్టే విభాగం.

అందులో నాన్న పని క్యూబులు పొయ్యడం. ట్యాంకుకి మాలు పోస్తున్నప్పుడు అదే మాలు కొంచెం తీసి ఇనప అచ్చుల్లో పోస్తారు, కడ్డీతో కూరతారు, మర్నాడు అచ్చు విప్పుతారు. పొడుగు, వెడల్పు, ఎత్తు ఒకటే ఉన్న కాంక్రీటు దిమ్మ వస్తుంది. దాన్ని నీళ్ళలో నానేసి, ఇరవై ఎనిమిదో రోజున మిషన్లో పెట్టి పగిలేదాకా నొక్కుతారు. ఎంత బరువుకి పగిలితే ఆ మాలుకి అంత బలం ఉన్నట్టు. ఒక్కటి పగిలితే చాలదు, మూడు పగలాలి, మూడింటి సగటే లెక్క. ప్రతి దిమ్మ మీదా పచ్చిగా ఉన్నప్పుడే తేదీ, కట్టడం గుర్తు మేకుతో గీస్తారు. నాన్న ఇంటికొచ్చేసరికి చొక్కా నిండా తడి సిమెంటు వాసన, దాని కింద అచ్చులకి పూసే పాత ఇంజినాయిలు వాసన. ఆ చొక్కాలకి అమ్మ వేరే బకెట్టు పెట్టింది. సిమెంటు కొరికిన వేళ్ళకి నాన్న రోజూ పడుకునే ముందు కొబ్బరినూనె రాసుకునేవాడు, ఆ వేళ్ళతోనే మా చెల్లి బుజ్జి బుగ్గ గిల్లితే అది తల వెనక్కి లాక్కునేది.

మా ఇంట్లో నమ్మకం దేవుడి గది దాటి బయటికి వచ్చేది కాదు. అమ్మ పాలవాడి చేత ముందు చెంబు బోర్లించి చూపించమనేది, ఆ తరవాతే పాలు పొయ్యనిచ్చేది. నాన్నకి గోడ కనిపిస్తే చాలు, బండి తాళంతో రెండు కొట్టి చెవి పెట్టేవాడు. ఎవరింటికైనా గృహప్రవేశానికి వెళ్తుంటే దారిలోనే అమ్మ చెప్పేది, "ఏవండీ, మీకు దణ్ణం పెడతాను, అక్కడ గోడలు కొట్టకండి." భోజనాలయ్యాక చూస్తే ఈయన వరండా స్తంభం పక్కన తల వంచి వింటూ ఉండేవాడు. "బోలుగా ఉంది," అని మా చెవిలో చెప్పేవాడు. అలాంటి ఇద్దరికి పుట్టినదాన్ని నేను. నాకు వేరే బుద్ధి ఎక్కణ్ణించి వస్తుంది?

అప్పుడు నేను పాలిటెక్నిక్‌లో సివిల్ రెండో ఏడు చదువుతున్నాను. ఆ ఎండాకాలం మా బస్తీకి నీళ్ళు రోజు విడిచి రోజు ట్యాంకరులో వచ్చేవి. అమ్మ బిందెలు పట్టుకుని గంటలకొద్దీ నిలబడేది. అలాంటి రోజుల్లో పెరట్లో నీలం డ్రమ్ము నిండా నీళ్ళు, ఆ నీళ్ళ అడుగున మూడు క్యూబులు. నాన్న వాటికి వారానికోసారి నీళ్ళు మార్చేవాడు. అమ్మకి ఒళ్ళు మండిపోయేది. "నేను నాలుగు బిందెలకి లైన్లో చస్తంటే ఈయన రాళ్ళకి స్నానం చేయిస్తన్నాడు. ఏటండీ ఈ రాళ్ళు? ఎవడి కోసమండీ?" అంటే నాన్న, "ఉండనియ్యే, నీకు తెలీదు," అనేవాడు. ఇంటికి క్యూబులు రావడం కొత్త కాదు. క్యాంపులో పనిచేసేవాళ్ళ ఇళ్ళన్నిటి ముందూ పూల మొక్కల చుట్టూ పగిలిన క్యూబుల వరసలే. మిషన్లో నలిగి నడుములు సన్నబడిన ముక్కలవి. డ్రమ్ములోవి మాత్రం పగలనివి. ఒకరోజు చెయ్యి పెట్టి గీతలు తడిమి చూశాను. మా బస్తీ చివర కంపెనీ కడుతున్న ట్యాంకు గుర్తు ఉంది, స్తంభాల్ని కలిపే నడిమి దూలం గుర్తు ఉంది. తేదీ చూస్తే ఇరవై ఎనిమిది రోజులు దాటి ఇంకో మూడు వారాలయింది.

పగలాల్సిన రోజు దాటిపోయినా ఇవి చెక్కుచెదరకుండా మా పెరట్లో ఎందుకున్నాయి? వీటి బదులు మిషన్లో ఏవి పగిలాయి? సైట్లకి వెళ్ళొచ్చిన మా సీనియర్లు చెప్పిన కబుర్లు గుర్తొచ్చాయి. కొన్నిచోట్ల సిమెంటు దట్టించి బలమైన క్యూబులు వేరే పోసి దాచుకుంటారనీ, పరీక్ష రోజున అసలువి తీసేసి ఇవి పెడతారనీ చెప్పారు. అది మెదడులో పడ్డాక ఇంక పోలేదు. సరిగ్గా ఆ వారమే ట్యాంకులో మొదటిసారి నీళ్ళు నింపి చూశారు. నడిమి దూలాల మీద సన్నటి పగుళ్ళు కనిపించాయట. డిపార్ట్‌మెంటు ఇంజినీరు వచ్చి పని ఆపించాడు. బస్తీలో అందరిదీ ఒకటే మాట, మాలు కల్తీ అని. ఆ మాలు మంచిదని రిజిస్టరులో సంతకం పెట్టినవాడు మా నాన్న.

బుజ్జి బడికి వెళ్ళే దారి ఆ ట్యాంకు కిందనుంచే. నీడ ఉంటుందని పిల్లలందరూ అక్కడే ఆడుకునేవాళ్ళు కూడా. నేను బుజ్జిని చెయ్యి పట్టుకుని రేషన్ షాపు వెనక నుంచి చుట్టు తిప్పి తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. "ఎందుకక్కా, కాళ్ళు నొప్పెడతన్నాయి," అని అది గునిసేది. ఏం చెప్పను? నాన్న సంతకం పెట్టిన దూలం కింద నిన్ను నడవనివ్వను అని చెప్పనా? ఇంట్లో నాన్నకి అన్నం పెడుతూ ఆయన చేతులకేసి చూసేదాన్ని. ఆయన నవ్వితే ఎందుకు నవ్వాడు, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదు. నాకు ఆ రోజుల్లో చదువు ఎక్కలేదు, తిండి ఎక్కలేదు.

ఒక ఆదివారం పొద్దున ప్రాజెక్ట్ మేనేజర్ మూర్తిగారు కాజూ కత్లీ డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చారు. అంతటి మనిషి మా రేకుల వరండాలో కూర్చోవడం అదే మొదలు, అదే ఆఖరు. నేను తలుపు వెనక కూరగాయల బుట్ట ముందేసుకుని ఒక్క బెండకాయ కూడా తరక్కుండా కూర్చున్నాను. "ఆ మూడూ నీ దగ్గరే ఉన్నాయని విన్నాను సింహాచలం," అన్నారాయన మెత్తగా. "ఉండనీ. బయటికి మాత్రం రానీకు. కంపెనీ నిన్ను చూసుకుంటుంది." నాన్న "చూద్దాం సార్" అన్నాడు. ఇంకేం కావాలి నాకు? ఇద్దరూ ఒకటే అనుకున్నాను. ఆ మిఠాయి నాన్న ఒక్క ముక్క కూడా ముట్టలేదు. చేసిన పని గొంతు దిగనివ్వడం లేదు కాబోలు అని దానికీ నేనే అర్థం చెప్పుకున్నాను.

ఆయన్నే అడిగి ఉండొచ్చు. అడిగితే అబద్ధం చెబుతాడని భయం, నిజం చెబుతాడని అంతకన్నా భయం. అందుకని నాన్న సైటుకి వెళ్ళాక డ్రమ్ములోంచి ఒక క్యూబు తీసి, పాత తువ్వాలులో చుట్టి, సంచీలో పెట్టి సైకిల్ మీద కాలేజీకి మోసుకెళ్ళాను. ఎనిమిది కిలోల పైనే ఉంటుంది. ల్యాబు అటెండరుతో పక్కింటి వాళ్ళ శ్లాబుది, వాళ్ళకేదో అనుమానంగా ఉందట, కొంచెం చూడమని చెప్పాను. రిజిస్టరులో రాయకుండా మిషన్లో పెట్టాడు. ముల్లు పైకి వెళ్తుంటే దాన్నే చూస్తూ నిలబడ్డాను. పటుక్కుమని పగిలింది. లెక్క వేసుకుంటే ముప్పైనాలుగు. ఆ ట్యాంకుకి కావాల్సింది ముప్పై.

ఒక్క క్షణం ఏడుపొచ్చినంత పనైంది, సంతోషంతో. మాలు మంచిదే, నాన్న మంచివాడే అనుకున్నాను. సైకిల్ తొక్కుతూ ఇంటికొస్తుంటే సగం దారిలో ఇంకో ఆలోచన వచ్చింది. బలమైనవే దాస్తారు కదా, మార్చడానికి. ఇది బలంగా ఉండడమే దొంగతనానికి రుజువు కాదా? బలహీనంగా ఉంటే నాన్న దొంగ, బలంగా ఉన్నా నాన్న దొంగ. అనుమానానికి ఒక్కసారి అన్నం పెడితే ఏది వడ్డించినా తినేస్తుంది. ముక్కలు కాలేజీ వెనక చెత్తలో పడేసి వచ్చాను గానీ, అది పగిలినంత తేలిగ్గా నా అనుమానం పగల్లేదు.

రెండు రోజుల తరవాత, సాయంత్రం నీళ్ళు మార్చబోయి నాన్న డ్రమ్ములో చెయ్యి పెట్టి ఆగిపోయాడు. మళ్ళీ తడిమాడు. "మూడోది ఏదే?" అని అమ్మని కేకేశాడు. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"నేనే తీశాను. కాలేజీలో పగలగొట్టించాను."

ఆయన కోప్పడలేదు. "ఎంతొచ్చింది?" అని అడిగాడు.

"ముప్పైనాలుగు."

ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చి, అంతలోనే పోయింది. "కాగితం ఇచ్చారా? ఎక్కడైనా రాశారా?" అన్నాడు. లేదన్నాను. డ్రమ్ము అంచు పట్టుకుని నెమ్మదిగా మెట్టు మీద కూర్చున్నాడు. "మూడుంటేనే శాంపిల్ కదా తల్లీ. సివిల్ చదువుతున్నావు, ఆ మాత్రం తెలీదా?" అన్నాడు. తెలుసు. పరీక్షలో రాశాను కూడా. ఒకటి తీస్తే ఎవరికీ తెలీదనుకున్నానే గానీ, ఒకటి తీస్తే మిగతా రెండూ పనికిరావని ఆ పూట నాకు తట్టలేదు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "అంత బలమైనవి ఇంట్లో ఎందుకు దాచావు నాన్నా? మార్చడానికేనా?" అని అడిగేశాను. ఆయన నా మొహంకేసి చూశాడు. "నువ్వు కూడానా," అన్నాడు, అంతే. లేచి కండువా దులుపుకుని బయటికి వెళ్ళిపోయాడు.

నెల తిరక్కుండా నాన్నని కోర్బా వైపు బూడిద గట్టుకి పంపేశారు. కాంక్రీటు మనిషిని మట్టి తూచే పనిలో పెట్టారు. నెలకోసారి వచ్చేవాడు, కనురెప్పల మీద కూడా బూడిద. రెండేళ్ళు చూసి కంపెనీ మానేశాడు. ధర్సీవా రోడ్డులో సిమెంటు ఇటుకలు పోసే చిన్న షెడ్డులో చేరి, ఓపిక ఉన్నన్నాళ్ళూ అక్కడే చేశాడు. ఆ క్యూబుల మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, నాన్న నా దగ్గరే ఉన్నాడు, నా చేతి వంటే తిన్నాడు. నిజం చెప్పాలంటే ఇన్నేళ్ళూ నాలో ఒక మూల అనుమానం అలాగే ఉండిపోయింది. తప్పు చెయ్యనివాడైతే గొంతెత్తి వాదించేవాడు కదా, బూడిదకి ఎందుకు తల వంచుకుని వెళ్ళాడు, అని. ఆ మాట ఆయన పోయాక కూడా అనుకున్నాను.

ఇప్పుడు కంపెనీ ఎక్కడికో వెళ్ళిపోయింది. కొత్త రాజధాని రోడ్డులో వాళ్ళ హోర్డింగు మీద విమానాశ్రయాలు, మెట్రోలు, సోలారు, గనులు. క్యాలెండరులో పన్నెండు కాగితాలు చాలవు వాళ్ళకి. నేను ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో ఇదే ల్యాబు చెబుతున్నాను. ఈ రోజుల్లో క్యూబుకి బార్‌కోడ్ అంటిస్తారు, మిషన్లో పెట్టగానే ఫోటో తీసి ఫోన్లో పంపాలి. పిల్లలు నాతో, "ఇంక మోసం ఎలా కుదురుతుంది మేడమ్," అంటారు. ఫోటోలో కనిపించే క్యూబు ఏ మాలుదో ఫోటో చెప్పదు కదా అంటాను నేను. అప్పట్లో ఆ పని మనిషి చేతిలో ఉండేది, మనిషిని అనుమానించాం. ఇప్పుడు అనుమానించడానికి మనిషే కనిపించడు. మా బస్తీ ట్యాంకు మాత్రం ఇంకా నిలబడే ఉంది. దూలాలకీ స్తంభాలకీ చుట్టూ ఇంకో పొర పోసి లావు చేశారు. ఆ నీళ్ళే పెట్టి సాహు చాచాకి టీ కాచాను.

ఆయన హిందీలో నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. "ఆ మాలు మంచిది బిటియా. నేనూ నీ తండ్రీ మా చేతులతో కూరాం. ప్రారంభోత్సవానికి తొందరపడి మూర్తిసాబే నడిమి దూలాల్ని మోసే సెంట్రింగ్ చెక్కలు ముందుగా విప్పించాడు. పచ్చి దూలం మీద బరువు పడి పగుళ్ళొచ్చాయి. పగుళ్ళు బయటపడగానే మాలుదే తప్పు, సింహాచలం దొంగ లెక్కలు రాశాడు అని తిప్పాడు." ల్యాబులో మూడు క్యూబులు సరైన రోజునే పగిలాయనీ, నాన్నకి ఎవరి మీదా నమ్మకం లేక ఆ దూలాల పోతకి ఇంకో మూడు ఎక్కువ పోసి దాచాడనీ చెప్పాడు. ఎక్కువ పోశాడు. ఇంత చిన్న మాట నాకెందుకు తట్టలేదు? మార్చడానికి కాదు, ఒకనాడు ఎవరైనా దొంగ అంటే తెచ్చి ముందు పెట్టడానికి.

"డిపార్ట్‌మెంటు ఇంజినీరు తెమ్మన్నాడు. మా ముందే పగలగొడదాం, నిజం తేలుతుంది అన్నాడు. నీ తండ్రి రెండే తెచ్చాడు. మూడోదేదీ అంటే, చేతిలోంచి జారి పడి ముక్కలైపోయింది సాబ్ అన్నాడు." సాహు చాచా గ్లాసు కింద పెట్టాడు. "ఆ గదిలో అందరూ కాంక్రీటు మనుషులే బిటియా. నవ్వారు. ఇంజినీరు బల్ల మీది క్యూబు ఒకటి తీసి నిలబడి కింద పడేశాడు. నేల గచ్చు పెచ్చు లేచింది, క్యూబుకి మూల కూడా విరగలేదు. 'ఏదీ, ఎలా పగిలిందో చూపించు' అన్నాడు. నీ తండ్రి తల దించుకుని మళ్ళీ అదే మాట చెప్పాడు, జారి పడింది సాబ్ అని. ఇంత అబద్ధాలాడేవాడి రిజిస్టరు కూడా అబద్ధమే అని రాసుకుని లేచిపోయారు."

నాన్న ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. మా అమ్మాయి తీసుకెళ్ళి కాలేజీలో పరీక్ష చేయించింది, అటెండర్ని పిలిచి అడగండి అంటే చాలు. వాళ్ళు వెంటనే అడిగేవాళ్ళు, మీ అమ్మాయికి మీ క్యూబుల మీద అనుమానం ఎందుకొచ్చింది అని. ఆ జవాబు ఆయన ఎవరికీ ఇవ్వదల్చుకోలేదు. మా ఇంట్లో అందరికన్నా గట్టిగా సాక్ష్యం దాచుకునే మనిషి, నా కోసం అంతమంది ముందు నమ్మలేని అబద్ధం రెండుసార్లు చెప్పాడు. నాకు ఏడుపు ఆగలేదు.

అప్పుడు సాహు చాచా ఆ ప్రశ్న అడిగాడు. "ఆ మూడోది ఏమైంది బిటియా? నీకేమైనా తెలుసా?"

తెలీదంటే అయిపోయేది. మా ఇల్లు దాటి అది తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు. ఎంత ఘటికురాలినంటే, ఆ క్షణంలో కూడా చెబుతానా చెప్పనా అని నా మీద నాకే అనుమానం వచ్చింది. చెప్పాను. తువ్వాలులో చుట్టడం దగ్గర్నించి ముక్కలు చెత్తలో పడెయ్యడం దాకా అంతా చెప్పాను. నాన్న దొంగేమోనని తీశాను చాచా, అన్నాను.

ఆయన గమ్చా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"నేనూ అదే అనుకున్నాను బిటియా," అన్నాడు. "నీ తండ్రి దాన్ని మూర్తిసాబ్‌కి ఇచ్చేసి వచ్చాడనుకున్నాను. తరవాత మార్కెట్లో రెండుసార్లు నన్ను చూసి నీ తండ్రి పలకరించబోయాడు. నేను మొహం తిప్పుకుని వెళ్ళిపోయాను."